సామాను మింగే సొరుగు

మా వదినగారు 30 ఏళ్ళపాటు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ఆవిడ చేత చీవాట్లు తిని ఇంజనీర్లయినవాళ్ళు మా ఊళ్ళో బోలెడుమంది. అటువంటి మనిషి పోయిన వారం ఫోను ఒళ్ళో పడేసి, "నాకింక బుర్ర పనిచెయ్యటం లేదే" అన్నారు. వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు లెండి.

జరిగిందేమిటంటే, కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకోవాలి. ఆస్పత్రివాళ్ళ వెబ్‌సైటు తెరిచారు. ఆవిడ పాత కేసు నంబరు, డాక్టరుగారు ఉండే వేళలు అన్నీ పేజీలో కనపడుతూనే ఉన్నాయి. 'బుక్ చేయండి' అన్న చోట వేలు పెట్టారు. అంతే! కుడిపక్క నుంచి ఒక పలక సర్రున జారుకుంటూ వచ్చి పేజీని కప్పేసింది. పేరు, వయసు, చిరునామా, కంటి బాధ ఎన్నాళ్ళ నుంచీ... ఓపిగ్గా అన్నీ నింపారు. చివర్న పాత కేసు నంబరు అడిగింది. అదెక్కడుంది? ఆ పలక కిందే! చూసుకుందామని, అంచున మసగ్గా కనిపిస్తున్న పేజీ మీద వేలు ఆనించారు. పలక వచ్చిన దారినే వెళ్ళిపోయింది, రాసిందంతా పట్టుకుని. రెండోసారి 'వెనక్కి' నొక్కారు. ఈసారి పలకా లేదు, పేజీ కూడా లేదు. మూడోసారి కూడా పోయాక, కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆవిడన్న మాటే పైన చెప్పాను.

మా అన్నయ్య కొడుకు మాదాపూర్లో ఇలాంటివి తయారుచేసే ఉద్యోగంలోనే ఉన్నాడు. ఆదివారం భోజనానికి వస్తే నిలదీశాను. "దాన్ని డ్రాయర్ అంటాం అత్తయ్యా. పేజీ మారకుండానే పని జరిగిపోతుంది. ఎక్కడున్నామో మర్చిపోం" అన్నాడు.

డ్రాయరుట! మా బీరువా సొరుగు లాగితే బీరువా మాయమవుతుందా? సొరుగు మూస్తే అందులో పెట్టిన గాజులు గాల్లో కలిసిపోతాయా? పెద్ద కంప్యూటరు తెర మీద ఓ పక్కకి ఒదిగి, వెనకున్నది చదవనిస్తే నేనూ కాదనను. చీరలు చూసేటప్పుడు రంగూ ధరా ఏరుకోవడానికి అలాంటిదే హాయి. పోయినా పోయేదేం లేదు కదా. కానీ అరచేతిలో ఇమిడే ఫోను మీద అది సొరుగు కాదు, మూత! పది గళ్ళు నింపాల్సిన చోట మూతెందుకండీ? విడిగా ఒక పేజీ ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

పిలవకుండా ఊడిపడే వాటి గొడవ వేరు. 1990లలో ట్రైపాడ్ అనే అమెరికా కంపెనీలో ఉండగా పాప్-అప్ ప్రకటనకి కోడు రాసిన ఈథన్ జుకర్‌మన్, 2014లో ఒక వ్యాసం రాసి మరీ క్షమాపణ చెప్పుకున్నాడు. మన దేశంలో 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి మాయ ఎత్తులు 13 రకాలని లెక్కగట్టాయి. మాటిమాటికీ అడ్డుపడి విసిగించడం కూడా అందులో ఉంది. సంతోషమే. కానీ వదినగారి పలక పిలిస్తేనే వచ్చిందే! మోసం చేద్దామన్న ఉద్దేశమూ దానికి లేదు. అందుకే దాన్నెవరూ తప్పు పట్టరు. తప్పంతా మన వేలిదే అయి కూచుంటుంది. నా తగాదా అక్కడే. మిక్సీ ఆగిపోతే "మిక్సీ పాడైంది" అంటాం. ఫోనులో పని చెడితే మాత్రం "నాకు రాదు" అంటాం. ఆడవాళ్ళం మనం మరీనూ. 30 ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి చేత ఆ మాట అనిపించిన వస్తువుని అందమైనదని ఎలా ఒప్పుకోను?

"అయితే నువ్వే బుక్ చెయ్యి" అని వాడి చేతికే ఫోను ఇచ్చాను. చకచకా నింపుకుంటూ పోయి కేసు నంబరు దగ్గర ఆగాడు. పక్కన ఒక్క కాగితం ముక్క లేదు. తెలిసిన పిల్లాడు కాబట్టి అంచు మీద వేలు పెట్టలేదు. పెట్టకుండా చేసేదీ ఏమీ లేదు.

"మూసేముందు 'రాసింది వదిలెయ్యమంటారా?' అని అడగాల్సింది. లేదా తిరిగొచ్చేదాకా దాచి ఉంచాల్సింది" అని గొణిగాడు.

"మరి నువ్వు చేసేవాటిలో అలా చేస్తున్నావా?" అన్నాను.

వాడు పులిహోర గిన్నె వైపు చూశాడు.

వదినగారు మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆస్పత్రికెళ్ళి, వరసలో నించుని చీటీ రాయించుకొచ్చారు.