చారలు సాక్ష్యం చెప్పవు



ఈ వారం హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. కొంచెం పొడవుగానే ఉంటుంది, చివరిదాకా చదవండి. సంబంధించిన అమ్మాయిని అడిగే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నెల కిందట డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె పది రోజులు క్లాసుకు రాలేదు. మాది పల్నాడు. మిర్చి కోతల కాలంలో పిల్లలు రాకపోవడం మాకు కొత్త కాదు. ఇదీ అంతే అనుకున్నాను. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. "చదివింది చాల్లే మేడం గారూ, ఇంక పంపం" అంది. ఎందుకమ్మా అని గట్టిగా అడిగితే ఏడ్చేసింది.

జరిగింది ఇదీ. హాస్టల్లో బాత్రూం తలుపుకి గడియ లేదు. ఈ అమ్మాయి బట్టలు మార్చుకుంటుంటే తోటి పిల్ల తలుపు తీసింది. పొట్ట కింద, నడుం పక్కల, తొడల మీద చారలు చూసింది. మనం స్ట్రెచ్ మార్క్స్ అంటామే, అవి. సాయంత్రానికి గదంతా తెలిసింది. రెండు రోజుల్లో హాస్టలంతా. వారం తిరిగేసరికి ఊళ్లో. 'పెళ్లికాని పిల్లకి ఆ చారలెందుకొస్తాయి? కడుపు తీయించుకుని ఉంటుంది.'

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి, రెండేళ్ల కిందట మదర్స్ డేకి నేను రాసిన పోస్టు చూపించింది. అందులో ఈ చారల్ని అమ్మతనానికి దక్కిన పతకాలన్నాను. వాటిని దాచుకోవద్దని తల్లులకు చెప్పాను. చాలామంది మెచ్చుకున్నారు, షేర్ చేశారు. హాస్టల్లో ఆ పోస్టే సాక్ష్యమైంది. "తెలుగు మేడం కూడా రాసింది, ఇవి బిడ్డల్ని కన్నవాళ్లకే వస్తాయని" అన్నారట.

ఆ 'కే' నేను రాయలేదు. తెలుగు పాఠం చెప్పేదాన్ని, ఒక ప్రత్యయం అర్థాన్ని ఎలా మారుస్తుందో నాకు తెలుసు. కానీ నేను రాయకపోయినా చదివినవాళ్లకు అది వినపడింది. వినపడేట్టే రాశాను. పోస్టు మొత్తంలో ఈ చారలు ఇంకెవరికైనా వస్తాయన్న మాట ఒక్కటి లేదు.

నా తమ్ముడి సంగతి చెప్తాను. పదో తరగతిలో వాడు ఒక్క ఏడాదిలో తాటిచెట్టులా పెరిగాడు. ఎముకల గూడు, కండ లేదు. వీపు కింది భాగంలో అడ్డంగా చారలు పడ్డాయి. బళ్లో ఆటలప్పుడు చొక్కా తీస్తే ఒక సారు చూశారు. "మీ నాన్న తాగొచ్చి బెల్టుతో కొడతాడా?" అని అందరి ముందూ అడిగారు. మా నాన్న జీవితంలో మందు ముట్టలేదు. మా మీద చెయ్యి ఎత్తలేదు. తమ్ముడు ఆ రోజు నుంచి ఎండాకాలంలో కూడా చొక్కా తీయలేదు. పిల్లల ఒంటి మీద గుర్తులు చూసి ఆరా తీయడం మంచి టీచరు పనే. అయితే ఆయన అడగలేదు, తీర్పు చెప్పారు. మాల, మాదిగ పిల్లాడి వీపు మీద గీత ఉంటే దాని వెనక తాగుబోతు తండ్రి ఉండాల్సిందే అని ఆయన మనసులో ముందే ఉంది.

ఇప్పుడు మా స్టాఫ్ రూం. ఈ అమ్మాయి సంగతి తెలిశాక ఒకావిడ "ఆ హాస్టల్ పిల్లలంతే" అంది. ఆవిడే పోయినేడు ఇంటర్ చదివే తన కూతురికి తొడల మీద ఇవే చారలొచ్చాయని, లేజర్‌కి ఎంతవుతుందో ఎవరైనా కనుక్కోండని అడిగింది. ఆవిడ కూతురి చారలు చర్మ సమస్య. మా పిల్ల చారలు శీల సమస్య.

అసలు ఇవేమిటో చూద్దాం. మన చర్మం పై పొర కింద డెర్మిస్ అని మందపాటి పొర ఉంటుంది. అందులో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే సన్నటి పోగులు ఒంటికి బిగువునీ సాగే గుణాన్నీ ఇస్తాయి. తక్కువ కాలంలో ఒళ్లు ఎక్కువగా పెరిగినా, కొన్ని హార్మోన్లు ఆ పోగుల్ని బలహీనపరిచినా అవి లోపల అక్కడక్కడ తెగుతాయి. చీర అంచు బాగానే ఉండి మధ్యలో నేత పిగిలినట్టు. పైచర్మం చీలదు. లోపలి గాయం మానిన మచ్చే పైకి చారగా కనిపిస్తుంది.

యుక్తవయసులో ఇవి చాలా మామూలు. ఆడపిల్లలకు తొడలు, తుంటి, రొమ్ముల మీద, మగపిల్లలకు వీపు కింద, తొడల మీద, భుజాల దగ్గర. జిమ్‌లో తొందరగా కండ పెంచినవాళ్లకు చంకల ముందు భాగంలో వస్తాయి. బరువు వేగంగా పెరిగినా వస్తాయి, సన్నగా ఉన్నవాళ్లకూ వస్తాయి. అమ్మకో అక్కకో ఉంటే మనకు వచ్చే అవకాశం ఎక్కువ. గర్భిణుల్లో సగానికి పైగా స్త్రీలకు, ఎక్కువగా చివరి నెలల్లో వస్తాయి. చిన్న వయసులో తల్లులైనవాళ్లకు మరీ ఎక్కువ. ముగ్గురు పిల్లల్ని కన్నా ఒక్క చార లేనివాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇవి చూసి గర్భం వచ్చిందని గానీ రాలేదని గానీ ఏ డాక్టరూ చెప్పలేరు. హాస్టల్లో ఎదురు మంచం పిల్ల అసలే చెప్పలేదు.

'గోకితే చారలు పడతాయి' అన్నది మన ఇళ్లలో ప్రతి గర్భిణీ వినే మాట. గోకితే చర్మం గీసుకుపోతుంది, పుండు పడుతుంది, అంతే. చారలు లోపలి నుంచి వస్తాయి. సాగే చర్మం దురద పెడుతుంది కాబట్టి రెండింటికీ ముడిపెట్టారు. ఈ నమ్మకంతో ఒక ప్రమాదం ఉంది. నెలలు నిండేటప్పుడు అరచేతులు, అరికాళ్లు విపరీతంగా, ముఖ్యంగా రాత్రిళ్లు దురద పెడితే అది కాలేయానికి సంబంధించిన ఇబ్బంది కావచ్చు, బిడ్డకు ముప్పు తేవచ్చు. 'చారలొస్తున్నాయిలే, గోక్కోకు' అని సర్దిచెప్పకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇక క్రీములు, నూనెలు. గర్భిణులు ఏది పూసుకుంటే చారలు రాకుండా ఉంటాయన్నదాని మీద అప్పటిదాకా జరిగిన పరీక్షల్ని కొక్రేన్ సంస్థ 2012లో సమీక్షించింది. వాటిని ఆపుతుందని చెప్పడానికి ఏ క్రీముకీ నాణ్యమైన ఆధారం దొరకలేదు. చారలు ఒకసారి వచ్చాక కాలం గడిచేకొద్దీ వాటంతటవే రంగు తగ్గుతాయి. కొత్తగా ఉన్నప్పుడు కొన్ని మందులు, లేజరు కొంత తగ్గించగలవు, పూర్తిగా చెరపలేవు. ఆ మందుల్లో కొన్ని గర్భిణులు వాడకూడనివి. మన పిల్లలు స్కాలర్‌షిప్ డబ్బులతో కొంటున్న సీసాల్లో చాలావరకు ఉన్నది తేమ, వాసన, ఆశ.

అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. ఉక్కపోతకు, తడి బట్టలకు మన హాస్టళ్లలో గజ్జల్లో తామర మామూలు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గు. మందుల షాపులో చెవిలో చెప్తే ఒక ట్యూబు ఇస్తారు. రెండు రోజుల్లో దురద పోతుంది. మళ్లీ వస్తుంది. మళ్లీ పూస్తారు. గదిలో నలుగురూ అదే ట్యూబు. దాని మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అనో, బీటామెథాసోన్ అనో ఉంటుంది. అవి స్టెరాయిడ్లు. నెలల తరబడి పూస్తే చర్మం పల్చబడి గజ్జల్లో, తొడల లోపలి వైపు వెడల్పాటి చారలు పడతాయి. ఆ చారలు పోవు. తామర కూడా తగ్గకపోగా ముదురుతుంది. తెల్లబడటానికి ముఖానికి రాసుకునే కొన్ని ట్యూబుల్లోనూ ఇవే స్టెరాయిడ్లు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత మందుల్లో చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. మన ఊళ్లలో ఏ షాపువాడు చీటీ అడుగుతున్నాడో మీకూ తెలుసు. మీ గదిలో ఉన్న ట్యూబు ఇవాళే తిప్పి చదవండి. ఎక్కువ కాలంగా వాడుతుంటే మానే పద్ధతి చర్మ డాక్టరుని అడగండి.

రంగు గురించి ఒక మాట. ఈ చారలు మొదట ఎర్రగా, తర్వాత తెల్లగా ఉంటాయని చాలా పుస్తకాల్లో రాసి ఉంటుంది. అది తెల్లవాళ్ల చర్మం లెక్క. మనలాంటి నల్లటి ఒంటి మీద అవి ముదురు గోధుమ రంగులో, ఊదా నలుపులో మొదలవ్వచ్చు. అది రోగం కాదు. అయితే కారణం లేకుండా బాగా వెడల్పాటి ఊదారంగు చారలొచ్చి, ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరుగుతూ కాళ్లూ చేతులూ బలహీనమవుతుంటే డాక్టరుకి చూపించాలి. హార్మోన్ల జబ్బు కావచ్చు.

ఒంటి మీది గుర్తుల్ని బట్టి మనిషి గుణం చెప్పే అలవాటు మనకు పాతదే. సాముద్రికమని దానికో శాస్త్రమే పెట్టారు. ప్రబంధాల్లో నాయిక పొట్ట మీది మూడు ముడతల్ని త్రివళులని వర్ణించి మురిసిపోయారు. నా పీహెచ్‌డీ రోజుల్లో ఇవన్నీ విమర్శించాను. తర్వాత నేనే కూర్చుని ఆడవాళ్ల పొట్ట మీది గీతలకు కొత్త అర్థం కట్టాను. సిగ్గు తీసేసి పతకం పెట్టాను. గీత మాత్రం మళ్లీ సాక్ష్యంగానే మిగిలింది. పతకం అన్నాక అది ఏ పనికి వచ్చిందని అడుగుతారు. పెళ్లికాని పిల్ల దానికి జవాబేం చెప్పాలి? పిల్లలు లేని స్త్రీ, పిల్లలు వద్దనుకున్న స్త్రీ ఏం చెప్పాలి?

ఆ పోస్టు రాసిన రోజు మా అమ్మకు చదివి వినిపించాను. ఎనిమిదో నెల దాకా మిర్చి కోసిన మనిషి. మురిసిపోతుందనుకున్నాను. "పతకమైతే తాకట్టన్నా పెట్టుకుందును కదే" అని నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అప్పుడే వినాల్సింది.

ఆ అమ్మాయి తండ్రి కూతుర్ని ఆస్పత్రికి తీసుకెళ్లి 'ఏమీ లేదు' అని సర్టిఫికెట్ తెచ్చి హాస్టల్లో చూపిస్తానన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. అయినా వద్దన్నాను. "అన్నా, ఇవాళ ఒక కాగితం చూపిస్తే రేపు ఇంకో కాగితం అడుగుతారు. తప్పు చేయని పిల్ల ఒళ్లు ఎందుకు పరీక్ష రాయాలి?" అన్నాను. అత్యాచార బాధితులకు చేసే రెండు వేళ్ల పరీక్ష వాళ్ల గౌరవానికి, గోప్యతకు భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది, చేసినవాళ్లు తప్పు చేసినట్టేనని కూడా చెప్పింది. కోర్టు రెండుసార్లు చెప్పినా, ఆడదాని ఒళ్లు చూసి ఆమె గతం చదవొచ్చన్న నమ్మకం పోలేదు. మన హాస్టల్ గదిలో జరిగింది కూడా ఆ నమ్మకంతోనే.

తర్వాత హాస్టల్లో పిల్లలందరితో గంటసేపు కూర్చున్నాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం లేడీ డాక్టరు వచ్చి పైన రాసినవన్నీ చెప్పారు. ఎవరెవరికి చారలున్నాయో చేతులెత్తండి అని నేను అడగబోయాను. ఆవిడ కళ్లతోనే ఆపారు. నిజమే, అదీ ఒక తనిఖీయే. మొదట మాట పుట్టించిన పిల్ల ఆ రాత్రి ఈ అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చిందట. ఆ పిల్లకీ పద్దెనిమిదేళ్లే. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. నేను రాసిందే నమ్మింది.

అమ్మాయి సోమవారం నుంచి క్లాసుకు వస్తోంది. ఊళ్లో మాట ఇంకా పూర్తిగా ఆగలేదు. బాత్రూంకి గడియ పెట్టించాం. మూడేళ్లుగా అడుగుతున్న గడియ అది.

నా పాత పోస్టు తీసేయలేదు. దాని కింద ఈ వ్యాసం పెడుతున్నాను. అప్పుడు దాన్ని షేర్ చేసిన మిత్రులు ఇదీ చేయండి. హాస్టల్ గ్రూపుల్లో, ముఖ్యంగా మగపిల్లల గ్రూపుల్లో పెట్టండి.

వచ్చే వారం మెస్ బిల్లులు.

జై భీమ్.