నాబోతు తరఫున వాదించేది ఎవరు?

పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లొచ్చిన మనవాళ్లు యొర్దాను నీళ్లు, ఒలీవ నూనె తెచ్చి చేతిలో పెడతారు. బేత్లెహేములో మోకరించామని సాక్ష్యం చెబుతారు. ఆ బేత్లెహేము 1967 నుండి సైనిక ఆక్రమణలో ఉందని మాత్రం చెప్పరు. సంఘకాపరులమైన మేమూ చెప్పలేదు. ముందుగా ఆ తప్పు మాదే.

వెస్ట్ బ్యాంకులో ఒకే కొండ మీద రెండు చట్టాలు నడుస్తున్నాయి. సెటిల్‌మెంట్లో ఉండే ఇజ్రాయెలీకి సివిల్ కోర్టు. పక్క ఊరి పాలస్తీనీయుడికి సైనిక కోర్టు. అభియోగం మోపకుండా, సాక్ష్యం చూపకుండా అతణ్ణి ఆరు నెలలు నిర్బంధించవచ్చు. గడువు తీరితే మళ్లీ పొడిగించవచ్చు. తీర్పు లేకుండా పౌలును ఫేలిక్సు కైసరయలో రెండేళ్లు ఉంచాడని ఎన్ని ప్రసంగాలు చేశాం! విచారణ ఖైదీగానే 2021లో కన్నుమూసిన ఫాదర్ స్టాన్ స్వామి కోసం కన్నీళ్లు పెట్టుకున్నాం. మరి వీళ్ల కోసం?

వీళ్ల కోసం నిలబడ్డవాళ్లు ఉన్నారు. 1979లో రమల్లాలో పాలస్తీనా న్యాయవాదులు అల్-హక్ స్థాపించారు. ఖైదీల తరఫున అద్దమీర్ వాదిస్తుంది. 1988లో ఇజ్రాయెలీలే మొదలుపెట్టిన హమోకెద్, అరెస్టయినవాడు ఏ జైల్లో ఉన్నాడో వెతికి ఇంటివాళ్లకు చెబుతుంది. యెరూషలేము లాటిన్ పాత్రియార్కు మిషెల్ సబ్బా 1991లో సెయింట్ ఈవ్స్ అనే న్యాయ సహాయ కేంద్రాన్ని ప్రారంభించారు.

బేత్ జాలా దగ్గరి క్రెమిసాన్ లోయలో క్రైస్తవ కుటుంబాల ఒలీవ తోటల మీదుగా గోడ కడతామన్నప్పుడు, అక్కడి సన్యాసినుల కాన్వెంటు తరఫున కోర్టుకెక్కింది ఈ సెయింట్ ఈవ్సే. 2015 ఏప్రిల్లో సుప్రీంకోర్టు పని ఆపింది. జులైలో అదే కోర్టు దారి వదిలింది. ఆగస్టులో బుల్డోజర్లు చెట్లను పెకలించాయి.

"ఓడిపోయే కేసులు వాదించి ఏం లాభం?" అని అడుగుతారు. నాబోతుకు ఒక్క వకీలు కూడా లేడు. ఇద్దరు అబద్ధ సాక్షులు చాలారు, ద్రాక్షతోట అహాబు చేతికి పోయింది. అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మం వదలని విధవరాలిని ప్రభువు మెచ్చుకున్నాడని మరిచామా?

వకాల్తా పట్టినందుకే వాళ్ల మీద ఉగ్రవాద ముద్ర పడింది. 2021 అక్టోబరులో అల్-హక్, అద్దమీర్ సహా ఆరు సంస్థలను ఇజ్రాయెల్ ఉగ్రవాద సంస్థలుగా ప్రకటించింది. తగిన ఆధారాలు తమకు చూపలేదని మరుసటి ఏడు తొమ్మిది యూరప్ దేశాలు తేల్చి చెప్పాయి. అయినా 2022 ఆగస్టు 18 తెల్లవారుజామున సైనికులు ఆ ఆఫీసుల మీద పడ్డారు. అల్-హక్ ఉన్న భవనంలోనే సెయింట్ ఆండ్రూస్ ఆంగ్లికన్ సంఘం ఉంది. ఆ దేవాలయపు తలుపూ పగిలింది. మన దేవాలయం తలుపు పగిలితే ఊరుకుంటామా?

యూదులను ద్వేషించమని మేము చెప్పడం లేదు. 2023 అక్టోబరు 7న హమాస్ చేసిన హత్యలు పాపం. కానీ ఆ పాపానికి బేత్ జాలా రైతు, విచారణ లేని ఖైదీ శిక్ష అనుభవించాలా?

యౌవనులారా, వేదిక మీద ఇజ్రాయెల్ జెండా కట్టే ముందు ఆ జెండా కింద నడిచే సైనిక కోర్టు గురించి చదవండి. లా చదువుతున్నవారు ఈ సంస్థల నివేదికలు తెరవండి. యాత్రకు వెళ్లే పెద్దలారా, గుహలూ గుడులూ చూశాక సెయింట్ ఈవ్స్ తలుపు కూడా తట్టండి. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పేటప్పుడు, నీళ్ల సీసాతో పాటు ఆ మాట కూడా తీసుకురండి.