పగ్గం మనలోనే ఉంది

కిందటేడు ప్రాక్టికల్ పరీక్షనాడు స్లైడు పట్టుకున్న నా చెయ్యి వణికింది. ఎదుట కూర్చున్న పెద్దాయన నవ్వి, "బొబ్బిలి గడ్డ మీద పుట్టి ఈ భయమేమిటయ్యా?" అన్నారు. 1757 నాటి యుద్ధం ఈ ఊరి కుర్రాళ్ళని ఇప్పటికీ వదలదు మరి! ఆనాడు తాండ్ర పాపారాయుడి గుండె మాత్రం నిమిషానికి 72 సార్లే కొట్టుకుందంటే నేను నమ్మను.

ఇంటికెళ్ళి చెప్తే మా నాన్న, "బెదిరిన గిత్తకి పగ్గం ఉంటాది. నీకేటుందిరా?" అన్నాడు.

జవాబు నా పుస్తకంలోనే ఉంది. సహానుభూత, సహానుభూత పర నాడీవ్యవస్థలంటూ రెండు వరుసల పట్టిక. ఒకటి హృదయస్పందన పెంచును, రెండోది తగ్గించును. బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నానే గాని, అది నా ఒంట్లో సంగతని తట్టలేదు.

మెదడు అడుగు నుంచి బయల్దేరి, మెడ మీదుగా గుండెకీ పొట్టకీ దిగే వేగస్ నాడే ఆ పగ్గం. నాడుల అదుపు లేకపోతే మన గుండె నిమిషానికి ఇంచుమించు 100 సార్లు కొట్టుకుంటుంది. తీరిగ్గా కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉందంటే వేగస్ దాన్ని అనుక్షణం పట్టి ఉంచుతోందన్నమాట. నెమ్మది అనేది ఊరికే వచ్చింది కాదు, శరీరం పనిచేసి సంపాదించుకుంటున్నది. ఊపిరి వదిలేటప్పుడు ఆ పగ్గం కాస్త బిగుస్తుంది, పీల్చేటప్పుడు సడలుతుంది. మణికట్టు పట్టుకుని నిదానంగా ఊపిరి వదిలి చూడండి. వణికేవాణ్ణి ఎగతాళి చేసేకంటే రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఈ పని చేయించడం మేలని నా అభిప్రాయం.

అయితే పగ్గం అదేపనిగా లాగి పట్టినా ఎద్దు కూలబడుతుంది. 1921లో ఓటో లోవి అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకు వెళ్ళే వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందిస్తే అదీ మందగించింది. అందులోని పదార్థమే ఎసిటైల్‌కోలిన్. పని అయ్యాక దాన్ని విరిచేసే ఎంజైము మనలో ఉంది. చేలో కొట్టే ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందులు ఆ ఎంజైమునే పడుకోబెడతాయి. ఇక చొంగ, చెమట, సూదిమొనంత కంటిపాపలు, ఆయాసం. నెమ్మదినిచ్చే పదార్థమే ప్రాణం మీదికి తెస్తుంది. ఆస్పత్రిలో ఇచ్చే ఎట్రోపిన్ దాని పట్టు విడిపిస్తుంది.

మా నాన్న మూతికి తువ్వాలొకటి చుట్టుకుని మందు కొట్టేవాడు. ఓ రోజు ఒళ్ళంతా చెమటలు పట్టి, తల తిప్పుతోందంటూ గట్టుమీద కూలబడితే, ఎండదెబ్బ అనుకుని మజ్జిగిచ్చాం. అదృష్టం బాగుండి తేరుకున్నాడు. పట్టికలోని ఆ వరుస అప్పటికే నా నోట్సులో ఉంది.

ఈసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరం ఏ పల్లెలో పెట్టినా, రోడ్లు ఊడ్చే పని ఒక పూట తగ్గించి ఈ సంగతి రైతులకు చెబుదామని యూనియన్ మిత్రులను అడుగుతున్నాను. మొదట మా ఊరే పెట్టుకున్నా సరే, మా నాన్నని ముందు వరసలో కూర్చోబెట్టే పూచీ నాది.