వేడినీటికి మడవ తిప్పే పెట్టె



పొలానికి నీరు పెట్టటం మీలో చాలామంది చూచే వుంటారు. బోదెలో వచ్చే నీటికి రైతు పారతో ఒకవైపు గండి కొట్టి, ఇంకోవైపు మట్టి వేసి, తనకు కావలసిన మడిలోకి నీరు పారిస్తాడు. దీనినే మడవ తిప్పటం అంటారు. ఇదే విధంగా వేడినీటికి మడవ తిప్పే ఒక చిన్న పెట్టెను గురించి ఈ నెల చెబుతాను. దాని విషయంలో నేను ఎలా పప్పులో కాలు వేశానో కూడా దాచకుండా చెబుతాను.

మా అమ్మాయీ, అల్లుడుగారూ ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరంలో వుంటున్నారు. అమ్మాయి రెండో పురిటికని, ఒక చలికాలంలో నేనూ మీ మామ్మగారూ అక్కడికి వెళ్ళాం.

ఆ దేశంలో చలికాలం ఇల్లు వెచ్చగా వుండటానికి ఒక ఏర్పాటు వుంటుంది. మా అమ్మాయి ఇంట్లో అది ఇలా వుంది: గ్యాసుతో మండే బాయిలర్ నీటిని కాస్తుంది. పంపు ఆ నీటిని గొట్టాలలోకి తోస్తుంది. ఆ నీరు ఒక దారిన పోయి, గోడలకు బిగించిన రేడియేటర్లనే ఇనుప పలకలలో తిరిగి గదులను వెచ్చబరుస్తుంది. ఇంకొక దారిన పోయి, అలమారలో వున్న పెద్ద రాగి పీపాలోని గొట్టపు చుట్టలో తిరిగి, స్నానాల నీటిని కాస్తుంది.

ఈ రెండు దారులూ చీలేచోట వుంటుంది మన మడవ పెట్టె. దాన్ని మూడు దారుల వాల్వు అంటారు. క్రింద ఇత్తడి కవాటం, పైన అరచేతిలో పట్టేంత రేకు పెట్టె. పెట్టెలో చిన్న మోటారు, పళ్ళచక్రాలు, ఒక స్ప్రింగు. కరెంటు లేనప్పుడు స్ప్రింగు బలంవల్ల పీపా దారి మాత్రమే తెరిచి వుంటుంది. మోటారు తిరిగితే రేడియేటర్ల దారి తెరుచుకుంటుంది. మధ్యలో నిలిచిందంటే రెండు దారులా నీరు పోతుంది.

ఒకనాటి సాయంత్రం రేడియేటర్లన్నీ చల్లబడిపోయాయి. బయట మంచు కురుస్తున్నది. పసిబిడ్డకు ఇంకా మూడు వారాలే. మీ మామ్మగారు బిడ్డను శాలువాలో చుట్టి ఒళ్ళోంచి దించటం లేదు. నేను బాయిలర్‌ను ఒకసారి చూచి, “పాతబడి చెడిపోయింది. కొత్తది కొనవలసిందే,” అని తీర్పు చెప్పేశాను. వేల పౌండ్ల ఖర్చు! అయినా నా మాట మీద అల్లుడుగారు ఫోను తీశారు.

అప్పుడు తొమ్మిదేళ్ళ మా మనమరాలు, “తాతయ్యా! బాయిలర్ చెడిపోతే కుళాయిలో వేడినీళ్ళు ఎలా వస్తున్నాయి? అది మోగుతూనే వుందిగా?” అని అడిగింది.

నాకు సిగ్గు వేసింది. “ముందు చూడండి, తరవాత చెప్పండి,” అని తరగతిలో ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి నేనే గదా!

అందరం వెళ్ళి అలమార తెరిచాం. గొట్టాలు కాలుతాయి గనుక చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూచాం. వాల్వులోకి వచ్చే గొట్టం వేడి. పీపాకు పోయే గొట్టం వేడి. రేడియేటర్లకు పోయే గొట్టం మాత్రం చల్లగా వున్నది. పెట్టె ప్రక్కన చేత్తో జరిపే చిన్న మీట వుంటుంది. అల్లుడుగారు దాన్ని జరిపి గాడిలో నిలిపారు. కొంతసేపటికి రేడియేటర్లు వెచ్చబడ్డాయి!

దీన్నిబట్టి ఏమి తెలిసింది? బాయిలర్ బాగున్నది. పంపు బాగున్నది. కవాటం బిగుసుకుపోలేదు. దాన్ని తిప్పవలసిన మోటారు మీదనే అనుమానం. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి పరీక్షించి, మోటారుదాకా కరెంటు వస్తున్నదనీ, మోటారు తిరగటం లేదనీ చెప్పాడు.

కొత్త వాల్వు తెచ్చేముందు పాతది ఏ రకమో గుర్తించాలి. నేను తొందరపడి తీగలు లెక్కపెట్టి, “అయిదు తీగల వాల్వు,” అన్నాను. అతను నవ్వాడు. రెండు దారుల వాల్వుకు కూడా సాధారణంగా అయిదు తీగలే! లెక్కపెట్టవలసింది గొట్టాలను. తీగల రంగు కూడా చూడాలి: రెండు దారుల దానిలో గోధుమరంగు తీగ వుంటే, మా దానిలో తెల్లతీగ వున్నది. ఆపైన గొట్టం 22 మిల్లీమీటర్లదా, 28 మిల్లీమీటర్లదా అన్నది చూచి, పెట్టె మీది నంబరు చదవాలి.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట. ఈ రకం వాల్వులో బూడిదరంగు తీగకు, వేడినీరు అక్కరలేదని స్విచ్చి ఆపినప్పుడే కరెంటు వస్తుంది! అంటే ఆపేశాం గదా అని ముట్టుకుంటే 230 వోల్టుల దెబ్బ తగులుతుంది. అందుకనే అతను మెయిన్ కట్టేసి, ఫ్యూజు తీసి జేబులో వేసుకుని, తీగలలో కరెంటు లేదని పరీక్షించుకున్న తరవాతనే మూత విప్పాడు. మీరు మాత్రం మూతల జోలికి వెళ్ళవద్దు. చూడటం మీ పని, విప్పటం పని తెలిసినవారిది.

కొత్తరకం వాల్వులలో చాలావాటికి పై పెట్టె మాత్రమే ఊడదీసి మార్చవచ్చు. మాది పాతది కావటంచేత గొట్టాలలోని నీరంతా తీసివేయవలసి వచ్చింది. ఆ నీరు సిరాలాగా నల్లగా వుంది! రేడియేటర్ల లోపలి ఇనుము ఏళ్ళ తరబడి నీటిలో తుప్పుపట్టి ఆ నల్లటి పొడి అయింది. కొత్త కవాటం మీద ఏబి, ఏ, బి అని గుర్తులున్నాయి. ఏబి నీరు వచ్చే దారి, ఏ రేడియేటర్లకు, బి పీపాకు. అతను ఆ ప్రకారం బిగించి, ముందే వ్రాసిపెట్టుకున్న కాగితం చూచి ఒక్కొక్క తీగా కలిపాడు. తుప్పు పట్టకుండా మందు కలిపి నీరు నింపి, రేడియేటర్లలో చిక్కిన గాలి వదిలాడు. సాయంత్రానికి ఇల్లు వెచ్చబడింది. బిడ్డ శాలువాలోంచి కాళ్ళు బయటపెట్టి ఆడుకోసాగింది.

పిల్లలూ, ఏ వస్తువు చెడినా, “ఏది పనిచెయ్యటం లేదు?” అన్నదానితోపాటు “ఏది ఇంకా పనిచేస్తున్నది?” అని కూడా అడగండి. నన్ను దారిలో పెట్టింది ఆ రెండో ప్రశ్నే.

మీకొక ప్రశ్న: ఇలాంటి ఇంట్లోనే, గది వెచ్చబడి థర్మోస్టాటు ఆపేసినా రేడియేటర్లు వేడిగానే వున్నాయనుకోండి. బాయిలర్‌ను తిట్టేముందు మీరు ఏమేమి చూస్తారు? ఆలోచించి, మీ నాన్నగారితో చర్చించండి. జవాబు వచ్చే నెల చెబుతాను.