కోడి రామమూర్తి పేర ఒంటిమిట్టలో ఒక గోదా: గ్రామస్థులకు విన్నపము

ఒంటిమిట్ట గ్రామస్థులకును, కడప రాజంపేట మార్గమున వచ్చి కోదండరాముని సేవించి పోవు యాత్రికులకును, కసరత్తునందు మక్కువగల పెద్దలకును నమస్కరించి చేయు విన్నపము.

మన సీమలో పిల్లవాడు లేని బలమును చూపబోయి బోర్లపడినప్పుడు, "నువ్వేమన్నా పెద్ద దారాసింగనుకుంటివా?" అని అవ్వలు నేటికిని నవ్వుదురు. దారాసింగు 2012 జూలై 12వ తేదీన బొంబాయిలో కన్నుమూసెను. ఆయన కుస్తీని కన్నులార చూచినవారు మన ఊళ్లలో వేళ్లమీద లెక్కింపదగినవారే. ఐనను ఆ పేరు మన వంటయిళ్లలో సామాన్యనామమై తిరుగుచున్నది. మల్లునకు ఇంతకంటె గొప్ప సన్మానము మఱొకటి యుండునని నాకు తోచదు. అయితే దారాసింగు పుట్టకమునుపే తెలుగుదేశమున తాతలు మనుమలకు చెప్పుచుండిన పేరు వేఱొకటి గలదు. అది కోడి రామమూర్తి నాయుడు. ఆ పేరు నేడు మన బడిపిల్లలకు తెలియదు. ఈ కరపత్రము పుట్టుటకు కారణమదియే.

ఆయన ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, కొంతకాలము బడిలో వ్యాయామోపాధ్యాయుడుగా నుండి, పిదప సర్కసు స్థాపించి ఊరూర డేరా వేసెను. ఉక్కుగొలుసును ఱొమ్మునకు బిగియించుకొని ఊపిరి పూరించి దానిని తుంచుట, ఇరుభుజములకు రెండు మోటారుకార్లను కట్టించి చెఱియొక దిక్కునకు తోలుమని చెప్పి రెండింటిని కదలనీయక నిలుపుట, ఱొమ్ముమీద పలక వేయించి దానిపై ఏనుగును నిలువనిచ్చుట మున్నగు ఆయన ప్రదర్శనలను చూచిన జనులు ఆయనను కలియుగభీముడనిరి. తెల్లవారు ఇండియన్ హెర్క్యులిస్ అనిరి. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి యెదుట సయితము తన బలమును చూపెనని చెప్పుదురు. అంతటివాడును శాకాహారియే యనునది మన సంగటిముద్దకును, శెనక్కాయల ఊరిబిండికిని కొంత గర్వకారణము. ఆయనను గూర్చిన కథలలో కొన్ని నోటినుండి నోటికి నడచుచు కొంత లావెక్కినవని నేనెఱుగుదును; మల్లుల కథలు లావెక్కుట సహజమే కదా. కాని చివరికాలమున ఒక కాలు పోగొట్టుకొని, సంపాదించినదెల్ల దానధర్మములకు ధారపోసి, 1942 సంక్రాంతి దినములలో పుట్టినయూరికి దూరముగా ఒడిశాలోని బలాంగీరున ఆయన ప్రాణములు విడిచిన వార్తకు మాత్రము ఏ లావును అక్కఱలేదు.

విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము గలదు. శ్రీకాకుళమున ఆయన పేర క్రీడాప్రాంగణము గలదు. రెండును మంచివే. ఐనను మల్లుని తలచుకొనుటకు చెమట పట్టు చోటు కావలెనని నా మతము. శ్రీకాకుళం జిల్లాలోనే ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట వ్యాయామశాలలో, నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులెత్తుట నేర్చిన కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోలెత్తి కాంస్యపతకము తెచ్చెను. ఒక పల్లెలోని వ్యాయామశాల! పాలరాతి మేడ కాదు. భారతస్త్రీకి దక్కిన మొట్టమొదటి ఒలింపిక్ పతకమునకు దారి అక్కడ మొదలైనది.

మన ఊరిలో అట్టి శాల యుండుట క్రొత్తవింత గాదు, పాతవాడుక. విజయనగర ప్రభువుల కాలమున ఈ ప్రాంతమున మల్లవిద్యకు ఎంతటి గౌరవముండెనో తెలియగోరువారు శ్రీకృష్ణదేవరాయలను చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వ్రాసినది చదువవచ్చును. రాయలు తెల్లవాఱకముందే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒంటికి నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టెడివాడట. చక్రవర్తికి ప్రతిదినము మట్టికఱచుటకు అవకాశమిచ్చు విద్య మఱొకటి యున్నదా?

ఇంకొక సంగతి. కోదండరాముని గర్భాలయమున సీతారామలక్ష్మణులు ఏకశిలపై వెలసియున్నారు గాని ఆంజనేయుడు లేడు. ఆయనకు ఆలయమున కెదురుగా సంజీవరాయనిగా వేఱొక గుడి గలదు. రాముడిచ్చటికి విచ్చేసినప్పటికి హనుమంతుడింకను ఆయనకు తారసిల్లలేదని పెద్దలు చెప్పుదురు. మఱి నా చిన్నతనమున ఆంజనేయుడు తప్పక కనబడు చోటు ఒకటి యుండెను: అది గరిడీ, మన తురకసోదరుల మాటలో తాలింఖానా.

నేను చూచిన ఆ గరిడీ పెంకుటింటి వెనుకనున్న చిన్న కొట్టము. చెఱువు ఎఱ్ఱమట్టిని జల్లెడ పట్టి, అందు పసుపును మజ్జిగను నూనెను కలిపి, పారతో తిరుగవేసి, కాలితో త్రొక్కి మెత్తచేయువాడు వస్తాదు. శిష్యులు వచ్చులోపల ఆ పని ముగింపవలెననునది ఆయన నియమము. మట్టిని శిష్యులచేత త్రవ్వించుట ఆయనకు చిన్నతనముగా నుండెడిది. ఆయన చెవులు దెబ్బలకు ముడుచుకొనిపోయి, ఎండిన కాకరకాయ ముక్కలవలె గట్టిపడియుండెను. పుట్టుకచేత ముసల్మాను, గోడమీది ఆంజనేయుని పటమునకు వేసిన దండ వాడెనా లేదా యని రోజూ మొదట చూచువాడును ఆయనయే. గోదాలో దిగుటకుముందు వంగి చిటికెడు మట్టి నొసట నుంచుకొని, "మట్టి మీద కోపం పెట్టుకోగూడదప్పా, పడేసేది అదే, లేపేదీ అదే" అనెడివాడు.

పిదప గరిడీ మూతపడెను. ఆ స్థలమున అంగడి లేచెను. వస్తాదు ముసలితనమున నెవరో దయదలచి యిచ్చిన కాపలా పనితో పొట్టపోసికొనెను. ఆయన పోయిననాడు ఖననమునకు నాలుగైదు ఊళ్లనుండి మనుష్యులు వచ్చిరి. వారెవరో ఊరిలోని కుఱ్ఱవారికి తెలియదు. నేను మాత్రము వారి చెవులను చూచి గుర్తించితిని. ఒక్కొక్కరు మూడేసి పిడికిళ్ల మట్టి వేయుచుండగా, వారిలో ముదుసలి యొకడు పైగుడ్డ కొంగున ముడివేసి తెచ్చిన ఎఱ్ఱమట్టిని విప్పి, ఇది గోదామట్టి యని చెప్పి వేసెను. గరిడీ పడగొట్టిననాడు తీసి దాచుకొన్నదట.

బ్రతికియుండగా ఆయనకు మనమేమి చేసితిమి? ఈ ప్రశ్న మన ఊరికే కాదు. 1952లో హెల్సింకి ఒలింపిక్సున కుస్తీలో కాంస్యము గెలిచి, స్వతంత్రభారతమునకు తొలి వ్యక్తిగత పతకము తెచ్చిన ఖాశాబా జాదవునకు అర్జున పురస్కారము అందినది 1984లో ఆయన మరణించి పదునైదేండ్లు దాటిన తరువాతనే. పోయినవానికి దండ వేయుట సులభము. చేయి చాపడు, ఋణము అడుగడు.

పెద్దమనుష్యులు కొందఱు తలయూచి, గరిడీ పెట్టుట రౌడీలను తయారుచేయుటయే గదా యందురు. ఈ మాటను నేను త్రోసిపుచ్చను. మన సీమలో ముఠాకక్షలు పెచ్చుపెరిగిన కాలమున కండగల కుఱ్ఱవానిని వెదకి పట్టుకొన్న నాయకులు కలరు. వేటకొడవలి చేతికి వచ్చిన వానికి కుస్తీపట్టు నేర్వవలసిన పనియే లేకపోయెను. అయితే గోదాలో ఓడి, గెలిచినవాడే చేయందించి లేపగా, వాని భుజముతట్టి బయటికి వచ్చుటకు అలవాటుపడినవాడు పగను ఇంటికి మోసికొనిపోవుట నేను చూడలేదు. పనిలేక రచ్చబండపై ఫోను చూచుచు కూర్చున్నవానికంటె, తెల్లవాఱి రెండు వందల బస్కీలు తీసినవానికి జగడమునకు ఓపిక తక్కువ. ఇది శాస్త్రము కాదు, అనుభవము.

ఇక మేము కోరునది చెప్పెదను. ఇరువది అడుగుల చదరపు గోదాకును, దానిపై రేకులకప్పుకును, ప్రక్కన ఒక బోరింగునకును చాలునంత స్థలమును పంచాయతీవారు చూపవలెను. దండీలు, బస్కీలు, కుస్తీపట్లు, కఱ్ఱసాము తెలిసిన ముదుసలి వస్తాదులు చుట్టుప్రక్కల ఊళ్లలో ఇంకను మిగిలియున్నారు. వారిలో ఒకరిని నెలజీతముమీద పిలిపింపవలెను, ఆ జీతము దయగా కాక వేతనముగా ఈయవలెను. ఆడపిల్లలకు వేఱు సమయము కేటాయింపవలెను. మల్లీశ్వరి పేరు చెప్పి వారిని ఇంట కూర్చోబెట్టుట సిగ్గుచేటు. ఆ వస్తాదులకు తెలిసిన పట్లను, చూచిన కుస్తీలను, విన్న రామమూర్తి కథలను చదువుకొన్న కుఱ్ఱవారు కాగితముమీద పెట్టవలెను. శ్రీరామనవమి బ్రహ్మోత్సవములకు లక్షలాది జనులు వచ్చుచున్నారు. 2015 నుండి ఈ ఆలయమును నిర్వహించుచున్న తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆ దినములలో ఒక సాయంకాలము గుడి వెలుపల కుస్తీపోటీకి అనుమతించిన యెడల, ఆనాడు కోడి రామమూర్తి పేర ఒక వృద్ధమల్లుని సన్మానింపవచ్చును. బ్రతికియున్నవానినే సుమా.

డబ్బెక్కడిదందురా? ఆంధ్రవాల్మీకి వావిలకొలను సుబ్బారావుగారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పండితపదవి నలంకరించినవారై యుండియు, ఈ రాముని గుడి శిథిలమగుచుండగా చూడలేక, టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర తిరిగి బిచ్చమెత్తి ఆలయమును నిలబెట్టిరి. ఆ చిప్పను సంబోధించి శతకమే చెప్పిరి. అంతటివారికి లేని నామోషీ మాకేల? మేమును చిప్ప పట్టెదము. అయితే మొదట మేము అడుగునది రూపాయి కాదు.

రానున్న కనుమనాటి ఉదయము, రామమూర్తి పోయిన సంక్రాంతి దినములను తలచుకొని, ఇంటికొక తట్టెడు ఎఱ్ఱమట్టిని, రాళ్లు ఏరి, జల్లెడ పట్టి, సంజీవరాయని గుడి యెదుటికి తెండు. పసుపును మజ్జిగను మేము తెచ్చెదము.