పన్నెండేళ్ల పిల్లకు సూది వేసిందెవరు?

ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ (వాడా) ఏటా లెక్కలు బయటపెట్టగానే మన దగ్గర పాత చర్చే కొత్తగా మొదలవుతుంది. 2023లో మన దేశంలో 5,606 నమూనాలు పరీక్షిస్తే 214 పాజిటివ్ వచ్చాయి. అంటే 3.8 శాతం. 2024లో 7,113 నమూనాలకు 260. అయిదు వేలకు పైగా పరీక్షలు చేసే దేశాల్లో ఇంత చెడ్డ శాతం మరెవరికీ లేదు. దాంతో నాలుగేళ్ల నిషేధం చాలదు, ఆటగాళ్లను జీవితాంతం వెలివేయాలని ఒకరంటారు. జైల్లో పెట్టాలని ఇంకొకరంటారు. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వస్తున్న వేళ, 2036 ఒలింపిక్స్ కోసం ప్రయత్నిస్తున్న వేళ పరువు పోతోందని మరొకరు బాధపడతారు.

పరీక్షలు పెంచాం కాబట్టి పట్టుబడేవాళ్లు పెరిగారన్నది అధికారుల జవాబు. ఆ జవాబు నిలవదు. అదే 2023లో చైనా 28,197 నమూనాలు పరీక్షించింది, పాజిటివ్ 0.2 శాతం. జర్మనీ పదిహేను వేలకు పైగా పరీక్షించింది, అక్కడ 0.4 శాతం. పరీక్షలు పెరిగితే పట్టుబడేవాళ్ల సంఖ్య పెరగడం సహజమే. కానీ నూటికి ఇంతమంది అన్న లెక్క ఈ దేశాలకు పది రెట్లకు చేరడానికి కారణం అది కాదు.

అయితే ఈ గొడవ అంతటిలో ఎవరి నోటా వినబడని అంకె ఒకటుంది. అది 12.

2024 జనవరిలో వాడా మైనర్ల డోపింగ్ మీద ఒక నివేదిక ఇచ్చింది. 2012 నుంచి ప్రపంచవ్యాప్తంగా 1,416 మంది మైనర్లు 1,518 సార్లు పాజిటివ్‌గా తేలారు. అందులో అతి చిన్న వయసు పన్నెండేళ్లు. దేశాలవారీగా చూస్తే మొదట రష్యా, తర్వాత మన దేశం, ఆ తర్వాత చైనా. ఆ పన్నెండేళ్ల బిడ్డ ఏ దేశమన్నది నివేదిక చెప్పలేదు, చెప్పకపోవడమే సరి. కానీ మైనర్ల పట్టికలో రెండో స్థానంలో ఉన్న దేశం ఆ వయసును పరాయి బిడ్డ వయసుగా చూడలేదు.

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఉన్నవాళ్లకు ఈ అంకె ఇంకా దగ్గరగా తగలాలి. తెలంగాణలో హకీంపేట క్రీడా పాఠశాల తర్వాత ఈ రెండు ఊళ్లలో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు ఉన్నాయి. పిల్లలను నాలుగో తరగతిలో తీసుకుంటారు. మండలం, జిల్లా, రాష్ట్రం అని మూడంచెల్లో ఎంపిక. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడ్డ చోటు నుంచి దూకే దూరం, 800 మీటర్లు, మెడిసిన్ బాల్ విసురు, అన్నీ కొలుస్తారు. ఎనిమిదో తొమ్మిదో ఏట ఇల్లు వదిలి హాస్టల్‌కు వస్తారు. పన్నెండేళ్లంటే అక్కడ ఏడో తరగతి. ఈ రెండు బడుల మీదా ఏ ఆరోపణా లేదు, ఆ మాట ముందే స్పష్టంగా చెప్పాలి. వాటి ప్రస్తావన ఎందుకంటే, పన్నెండేళ్ల పిల్ల రోజు ఎలా గడుస్తుందో చూపించడానికి అంతకన్నా తెలిసిన చోటు మనకు లేదు.

ఆ పిల్ల మెస్‌లో పెట్టింది తింటుంది. సారు లేపినప్పుడు లేస్తుంది. కాలు బెణికితే చెప్పుకునేది సారుకే. బలానికని గోలీ ఇస్తే నోట్లో వేసుకుంటుంది. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి సింగరేణిలో కాంట్రాక్టు కూలీగానో, గల్ఫ్‌లోనో, ఏజెన్సీలో పోడు చేస్తూనో ఉంటాడు. ఆ ఇంటికి ఆట అంటే పతకం ఒక్కటే కాదు. సర్కారు కొలువుల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా, సర్టిఫికెట్, నెలజీతం. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ డీఎస్పీ అయిన సంగతి ఈ జిల్లాల్లో తెలియని పీఈటీ ఉండడు. ఆ ఆశలో తప్పేమీ లేదు. ఆ ఆశను చూసి బేరానికి వచ్చేవాడిదే తప్పు.

ఇక మన ఊళ్లలో మందుల సంగతి. మడమ నొప్పి అని పిల్లను ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్తే చాలాచోట్ల పడేది డెక్సామెథాసోన్ సూది. 2022 జనవరి 1 నుంచి ఈ రకం స్టెరాయిడ్‌ను పోటీల సమయంలో ఏ రకమైన ఇంజెక్షన్‌గా తీసుకున్నా నిషేధమే. నీరసంగా ఉందని ఒక సెలైన్ బాటిల్ ఎక్కిస్తారు. ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప, పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి నరంలోకి ఎక్కించడం నిబంధనల ప్రకారం డోపింగే. మామూలు సెలైన్ బాటిల్‌లో ఉండేది దానికి అయిదు రెట్లు. దగ్గుకు ఇచ్చే కొన్ని సిరప్‌లలో టెర్బుటలిన్ ఉంటుంది. 2019లో క్రికెటర్ పృథ్వీ షా ఎనిమిది నెలలు ఆటకు దూరమైంది దాంతోనే. పృథ్వీ షా వెనక దేశంలోకెల్లా ధనిక బోర్డు ఉంది. ఇంద్రవెల్లి నుంచో ధర్మపురి నుంచో వచ్చిన పిల్ల వెనక ఎవరున్నారు?

ఇవి తెలియక జరిగేవి. తెలిసి చేసేవి వేరు. మత్తు ఇచ్చేటప్పుడు పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి వాడే మెఫెంటర్‌మైన్ ఇంజెక్షన్లను జిమ్‌లకు వెళ్లే కుర్రాళ్లకు అమ్ముతుంటే తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు హైదరాబాద్‌లో పట్టుకున్న సందర్భాలున్నాయి. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోప్ పరీక్షల అధికారులు వచ్చారని తెలిసి పరుగు వీరులు మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో ఒకే ఒక్కడు పరిగెత్తాడు. స్టేడియం మరుగుదొడ్లలో వాడి పారేసిన సిరంజిలు దొరికాయి. ఆ సిరంజిలు స్టేడియంలోకి నడిచి రాలేదు. ఎవరో కొన్నారు, ఎవరో అమ్మారు, ఎంత మోతాదో ఎవరో చెప్పారు.

శరీరంలో ఏం దొరికినా ఆటగాడిదే బాధ్యత అన్న సూత్రాన్ని కొట్టిపారేయలేం. అది లేకపోతే పట్టుబడ్డ ప్రతివాడూ నాకు తెలియదనే అంటాడు, మందు ముట్టకుండా పరిగెత్తినవాడికి అన్యాయం జరుగుతుంది. ఇరవై అయిదేళ్ల లిఫ్టర్‌కు ఆ సూత్రం వర్తించాల్సిందే. పన్నెండేళ్ల పిల్లకు అదే త్రాసు పట్టుకొచ్చేవాళ్లతోనే పేచీ.

విచిత్రం ఏమిటంటే వాడా నియమావళికి ఆ తేడా తెలుసు. పదహారేళ్లలోపు పిల్లలను అది రక్షణ పొందాల్సినవాళ్లుగా గుర్తిస్తుంది. తమ తప్పు పెద్దది కాదని నిరూపించుకుంటే వాళ్లకు శిక్ష మందలింపు నుంచి మొదలై రెండేళ్లు దాటదు. అలా నిరూపించుకోవడానికి ఆ మందు ఒంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాల్సిన భారం కూడా వాళ్ల మీద లేదు. ఇంకా ముఖ్యమైనది మరొకటుంది. అలాంటి పిల్ల పట్టుబడితే, ఆ పిల్ల చుట్టూ ఉన్న కోచ్, డాక్టర్, ఫిజియోల మీద జాతీయ సంస్థ దానంతట అదే దర్యాప్తు మొదలుపెట్టాలి. ఎవరూ ఫిర్యాదు ఇవ్వనక్కర్లేదు. అనబాలిక్ స్టెరాయిడ్‌లాంటి మందు ఇచ్చినట్టు తేలితే ఆ పెద్దమనిషికి జీవితకాల నిషేధం. జీవితకాల నిషేధం కావాలని అరిచేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే. అది ఎప్పటినుంచో పుస్తకంలో ఉంది, రాసి ఉన్నది మాత్రం పెద్దవాళ్ల కోసం.

అమలులో మాత్రం అంతా తలకిందులు. తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ వెయిట్‌లిఫ్టింగ్. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణాలు గెలిచిన ఆంధ్రప్రదేశ్ లిఫ్టర్ పూజారి శైలజ 2006లో పట్టుబడింది, 2010లో మళ్లీ పట్టుబడి జీవితకాల నిషేధానికి గురైంది. 2006లో నలుగురు దొరికితే దేశం మొత్తాన్ని అంతర్జాతీయ సమాఖ్య పోటీల నుంచి తప్పించింది. 2009లో మళ్లీ అదే కథ. అప్పుడు 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. డబ్బు కట్టారు, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు జట్టు దిగింది. సమాఖ్య తప్పుకు చెల్లింపుతో ముగింపు దొరికింది. ఆటగత్తె తప్పుకు జీవితం చెల్లింపు అయింది.

2011 రిలే కేసూ అంతే. ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టులోని అమ్మాయిలతో సహా ఆరుగురు స్టెరాయిడ్ పరీక్షలో దొరికారు. ఉక్రెయిన్ కోచ్ యూరీ ఒగొరొద్నిక్ ఇచ్చిన జిన్‌సెంగ్ మాత్రల వల్లనే అన్నారు. ఇక్కడి కమిటీ ఏడాది నిషేధం వేస్తే, 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. కోచ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్ ఒంట్లో ఓస్టారిన్, లిగాండ్రాల్ వంటివి దొరికాయి. ఏ దేశంలోనూ మనుషులకు మందుగా ఆమోదం లేని పదార్థాలవి. ఫిజియో సలహాతో తీసుకున్నానంది. నాలుగేళ్లు పడ్డాయి.

ఇంకో దారి లేదా అంటే ఉంది. తూర్పు జర్మనీలో చిన్న పిల్లలకు విటమిన్లని చెప్పి నీలం గోలీలు మింగించారు. అవి ఓరల్ ట్యూరినబోల్ అనే స్టెరాయిడ్. దేశం కలిసిపోయాక బెర్లిన్ కోర్టు 2000 జూలైలో శిక్ష వేసింది ఆటగత్తెలకు కాదు. క్రీడా వ్యవస్థ పెద్ద మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కు 22 నెలలు, డాక్టర్ మాన్‌ఫ్రెడ్ హోప్నర్‌కు 18 నెలలు, రెండూ సస్పెండెడ్ శిక్షలే. అయినా 142 మంది అమ్మాయిల ఒంటికి చేసిన హాని అది అని తీర్పు రాసింది. అమెరికా 2020లో తెచ్చిన రాద్చెంకోవ్ చట్టం ఆటగాళ్లను ముట్టుకోదు. సరఫరాదారులకు పదేళ్ల వరకు జైలు. నైజీరియా స్ప్రింటర్ బ్లెస్సింగ్ ఒకగ్బరేకు మందులు ఇచ్చిన టెక్సాస్ నేచురోపతి చికిత్సకుడు ఎరిక్ లిరా ఆ చట్టం కింద జైలుకు వెళ్లిన మొదటివాడు. మన 2022 జాతీయ యాంటీ డోపింగ్ చట్టంలో గానీ, 2025 ఆగస్టు సవరణలో గానీ అమ్మినవాడికి జైలు లేదు. సవరణలో ప్రధానంగా తేల్చింది అప్పీళ్లు ఎవరు వినాలి, జాతీయ యాంటీ డోపింగ్ సంస్థ (నాడా) మీద యాంటీ డోపింగ్ బోర్డు పెత్తనం ఎంత అన్న సంగతి. వాడా అభ్యంతరం చెప్పింది కాబట్టి హడావుడిగా సరిచేశారు. పిల్లల గురించి వాడా ఇచ్చిన నివేదికకు ఆ హడావుడి లేకపోయింది. ఆటకే సంబంధం లేని మందుల దుకాణం వాడికి ఆట నుంచి నిషేధం అంటే ఏం భయం?

అయినా నాడా చేతులు కట్టేసి లేవు. సోదా చేసి స్వాధీనం చేసుకునే అధికారం 2022 చట్టమే ఇచ్చింది. 2025 జూలైలో జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ చీఫ్ కోచ్, ద్రోణాచార్య పురస్కారం అందుకున్న నాగపురి రమేశ్‌ను నాడా తాత్కాలికంగా సస్పెండ్ చేసింది. డోపింగ్‌కు సహకరించారన్నది అభియోగం. తాత్కాలిక సస్పెన్షన్ తీర్పు కాదు, అభియోగం రుజువు కాకముందే ఆయనను దోషి అనే హక్కు ఎవరికీ లేదు. ఇక్కడ గమనించాల్సింది వేరే. దర్యాప్తు ఆటగాడి దగ్గర ఆగకుండా కోచ్ గది దాకా వెళ్లగలదని ఆ ఉత్తర్వు చూపించింది. మరి పిల్లల కేసుల్లో తప్పనిసరి అయిన పని మిగతాచోట్ల అరుదైన వార్త ఎందుకు కావాలి?

నాడా వెబ్‌సైట్‌లో నిషేధం పడ్డ ఆటగాళ్ల జాబితాలు పెడతారు. పేరు, ఆట, పదార్థం, ఎన్నేళ్లు. ఆ పక్కన ఇంకో గడి కావాలి: ఈ ఆటగాడి చుట్టూ ఉన్న పెద్దల మీద దర్యాప్తు జరిగిందా, ఏం తేలింది. మైనర్ల పేర్లు దాచాల్సిందే. వాళ్ల పేర్ల చాటున కోచ్‌ల పేర్లు దాచడం మాత్రం పిల్లల రక్షణ కాదు, నేరస్తుల రక్షణ. ఈ మాట అనడానికి మొహమాటపడాల్సిన కాలం దాటిపోయింది.

రాష్ట్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో కొత్త క్రీడా విధానం ప్రకటించింది. దాని అమలులో భాగంగా ప్రతి క్రీడా పాఠశాలకు, ఆశ్రమ పాఠశాలకు నిషేధిత మందుల జాబితా తెలిసిన డాక్టర్ ఒకరు ఉండాలి. పిల్లకు వేసిన ప్రతి సూది, మింగించిన ప్రతి గోలీ రిజిస్టర్‌లోకి ఎక్కాలి. తల్లిదండ్రులకు ఆ రిజిస్టర్ అడిగే హక్కు ఉండాలి. దీనికి కోట్లు అక్కర్లేదు.

కరీంనగర్, ఆదిలాబాద్, పెద్దపల్లి ఓటర్లు పంపిన ఎంపీలు క్రీడా శాఖను పార్లమెంటులో మూడు అంకెలు అడగాలి. 2021 నియమావళి అమల్లోకి వచ్చినప్పటి నుంచి పదహారేళ్లలోపు పిల్లలు ఎంతమంది పట్టుబడ్డారు? వాళ్ల చుట్టూ ఉన్న పెద్దల మీద ఎన్ని దర్యాప్తులు మొదలయ్యాయి? ఎంతమంది కోచ్‌లకు, డాక్టర్లకు జీవితకాల నిషేధం పడింది? మొదటి అంకె పెద్దదై మూడో అంకె సున్నా అయితే, మంత్రి ఆ సభలోనే నిలబడి కారణం చెప్పాలి. అప్పటిదాకా నాలుగేళ్ల శిక్షను ఎనిమిదేళ్లు చేయాలన్న మాట ఎత్తే ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగాలి: పన్నెండేళ్ల పిల్లకు ఆ సూది వేసిన చేయి ఎవరిది?