తాళం వేశాం, గొళ్లెం మరిచాం

దొంగ మీ తాళం తియ్యడు, కోస్తాడు. ముందు ఈ మాట ఒప్పుకుంటే తప్ప గోడౌనుకు తాళం కొనే పని సక్రమంగా జరగదు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? లక్షల రూపాయల సరుకు నింపిన గదికి తాళంకప్ప కావాలని హార్డ్‌వేర్ షాపుకు వెళ్తే, అక్కడ మనకు చెప్పేవి రెండే సంగతులు: కంపెనీ ఏది, లీవర్లు ఎన్ని. ఆరు లీవర్లు, ఏడు లీవర్లు, ఎనిమిది లీవర్లు. మనం కప్పను చేత్తో తూచి చూస్తాం. బరువుంది, మెరుస్తోంది, తాళంచెవి తిప్పితే టక్కుమంది. చాలనుకుంటాం. కప్ప నెత్తి మీది వంపు కడ్డీ ఎంత మందమో అడగం. అది మెత్తటి ఇనుమో, గట్టిపరిచిన ఉక్కో అడగం. ఆ కప్ప వేలాడబోయే గొళ్లెం సంగతి అసలే తలచుకోం. తాళం వేశాను గొళ్లెం మరిచాను అని పెద్దలు మతిమరుపు మనిషి గురించి అన్నారు. గోడౌన్ల విషయంలో ఊరంతా అదే పని చేస్తోంది.

లీవర్ల లెక్క అబద్ధం కాదు. కప్ప లోపల పలకల్లా పేర్చిన లీవర్లను ఒక్కొక్కదాన్నీ సరైన ఎత్తుకు, అంతకు మించకుండా లేపితేనే గడియ కదులుతుంది. 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంట్ పొందిన పద్ధతి ఇది. లీవర్లు పెరిగేకొద్దీ తీగలతో, మారు చెవులతో తెరవడం కష్టమవుతుంది. మరి అలా తెరిచేవాడు ఎవరు? 1851లో లండన్ మహా ప్రదర్శన జరిగినప్పుడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికన్ చబ్ కంపెనీ లీవర్ తాళాన్ని అరగంటలోపే తెరిచి చూపించాడు. బ్రామా కంపెనీ తన దుకాణం కిటికీలో సవాలుగా పెట్టిన తాళం మీద 16 రోజుల వ్యవధిలో 51 గంటలు కష్టపడి దాన్నీ తెరిచి, 200 గినీల బహుమతి గెలిచాడు. అది జీవితమంతా తాళాలతోనే గడిపిన నిపుణుడి పని. మన షట్టర్ దగ్గరికి అర్ధరాత్రి వచ్చేవాడు రెండడుగుల బోల్ట్ కట్టర్‌తో వస్తాడు. ఎనిమిది మిల్లీమీటర్ల మెత్తటి కడ్డీ దాని దవడల మధ్య ఒక్క నొక్కుతో తెగుతుంది. లోపలి ఎనిమిది లీవర్లూ చెక్కుచెదరకుండా ఉంటాయి, గది మాత్రం ఖాళీ అవుతుంది.

హాబ్స్ మీద ఆ రోజుల్లో ఒక నింద వచ్చింది. తాళాల లోపాలు బయటపెడితే దొంగలకు విద్య నేర్పినట్టే కదా అని. దొంగలకు ఆ విద్య ముందే వచ్చు, తెలియక మోసపోయేది కొనుక్కునేవాడే అని అతను వాదించాడు. నూట డెబ్బై ఏళ్లు దాటిపోయాయి, మన మార్కెట్ ఇంకా ఆ పాత మౌనాన్నే పట్టుకుని వేలాడుతోంది. చాలా పెట్టెల మీద లీవర్ల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కడ్డీ మందం ఉండదు. హార్డెన్డ్ అని రాసిన చోట కూడా అది ఎంత బలానికి తెగుతుందో ఉండదు. ఇది కొనేవాడిని చీకట్లో ఉంచడం. దీనికి వేరే పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

చేతకాక కాదు. అలీగఢ్ తాళాల ఊరుగా దేశమంతటికీ తెలుసు. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అర్దేశిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టింది 1897లో. ఇంత పనితనం ఉన్న దేశంలో కప్పను కోసి, లాగి, మెలితిప్పి పరీక్షించి ఆ ఫలితాన్ని పెట్టె మీద అచ్చువేయడానికి ఏం అడ్డం? యూరప్‌లో ఈఎన్ 12320 అనే ప్రమాణం ఉంది. కోతకు, లాగుడుకు, మెలికకు, డ్రిల్లుకు కప్ప ఎంతవరకు తట్టుకుంటుందో చూసి ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్ ఇస్తారు. కొనేవాడు ఒక్క అంకె చూసుకుంటే సరిపోతుంది. మనకూ తాళంకప్పలకు ఐఎస్ 275 అనే ప్రమాణం ఉంది. కౌంటర్ దగ్గర ఆ మాట ఎత్తే కొనుగోలుదారు కనపడడు, ఎత్తే అమ్మకందారు అంతకన్నా కనపడడు.

ఇల్లు వేరు, గోడౌను వేరు. ఇంటి గుమ్మం దగ్గర చప్పుడైతే పక్కింటివాళ్లు లేస్తారు. ఇల్లు ఖాళీ చేసి సామాను సర్దిన అద్దె గదికి, పండక్కి తెచ్చిన బట్టల మూటలు దాచిన షట్టర్‌కు, ఊరి చివర పొలంలో స్టార్టరూ వైర్లూ పెట్టిన మోటారు గదికి ఆ కాపు లేదు. మనం వారానికోసారో నెలకోసారో వెళ్తాం. దొంగకు అక్కడ దొరికేది టైము. పోయిన సంగతి మనకు తెలిసేసరికి, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే. కాబట్టి అక్కడ వేసే కప్ప ఇంటి కప్పకన్నా గట్టిదై ఉండాలి. మనమేమో ఇంట్లో పాతబడ్డ కప్పను గోడౌనుకు పంపుతాం!

ఏది కొనాలి? మొదట కడ్డీ. పది మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పన్నెండైతే మేలు. గట్టిపరిచిన ఉక్కు, వీలైతే బోరాన్ కలిపిన ఉక్కు. ఇత్తడి కప్ప తుప్పు పట్టదు గనక విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఉప్పుగాలిలో దాని విలువ దానికుంది, అయితే ఇత్తడి మెత్తటి లోహం, డ్రిల్లుకు ఇట్టే లొంగుతుంది. కడ్డీ కూడా ఇత్తడిదే అయితే ఆ కప్పను గోడౌను దరిదాపులకు రానివ్వకండి. రెండోది, కడ్డీ ఎంత తక్కువ బయటికి కనపడితే అంత మంచిది. కడ్డీకీ కప్ప ఒంటికీ మధ్య చోటుంటేనే కట్టర్ దవడ దూరుతుంది, గునపం దూరుతుంది. జర్మనీలో అబుస్ కంపెనీ 1949లో గుండ్రటి బిళ్లలాంటి కప్ప చేసింది, డిస్క్ లాక్ అంటారు. దాని కడ్డీ దాదాపు మొత్తం ఉక్కు బిళ్ల లోపలే దాగి ఉంటుంది, కట్టర్‌కు పట్టు దొరకదు. అమెరికాలో సెమిస్టర్‌కూ సెమిస్టర్‌కూ మధ్య సామాను స్టోరేజ్ యూనిట్లలో పెట్టుకునే మన పిల్లలకు ఇది కొత్త కాదు, అక్కడి షట్టర్ గడియలు దీనికి తగ్గట్టే ఉంటాయి. ఇక్కడి గొళ్లేలన్నిటికీ అది పట్టదు, అందుకే షాపుకు వెళ్లేముందు కొండి రంధ్రం కొలుచుకుని వెళ్లండి. పేరుకు డిస్క్ లాక్ అని పలుచటి రేకుతో చేసినవీ అమ్ముతున్నారు, బరువూ మందమూ చూడనిదే కొనకండి.

మూడోది, నొక్కితే చాలు దానంతటదే పడిపోయే చవక కప్ప వద్దు. లోపల ఒక చిన్న స్ప్రింగు నాలుక కడ్డీని పట్టుకుని ఉంటుంది. పక్కనుంచి పలుచటి రేకు ముక్క జొనిపితే ఆ నాలుక వెనక్కు పోతుంది. కడ్డీని రెండు వైపులా ఉక్కు గుండ్లతో బిగించే రకం కొంటే ఈ బెడద ఉండదు.

ఫోనుతో, వేలిముద్రతో తెరుచుకునే తాళాల మోజు ఇప్పుడు నడుస్తోంది. 2018లో ట్యాప్‌లాక్ అనే వేలిముద్ర తాళాన్ని బ్రిటన్‌లోని భద్రతా పరిశోధకులు బ్లూటూత్ ద్వారా రెండు సెకన్లలోపే తెరిచారు. నెలల తరబడి తలుపు ముట్టని గదికి బ్యాటరీ మీద బతికే తాళం పెట్టడం తెలివైన పని కాదు.

ఇవన్నీ చూసి మంచి కప్ప కొన్నా, గొళ్లేన్ని రెండు చిన్న స్క్రూలతో చెక్కకు బిగిస్తే ఆ డబ్బంతా దండగ. స్క్రూడ్రైవర్‌తో విప్పుకునే గొళ్లేనికి వెయ్యి రూపాయల కప్ప ఎందుకు? గొళ్లేన్ని వెల్డింగ్ చేయించాలి, లేదా ఇవతలి నుంచి బోల్టు దింపి లోపలి వైపు నట్టు బిగించాలి. షట్టర్‌కైతే రెండు చివరలా కింద కప్పలు వేసి నడుమ వదిలేయడం మన ఊళ్లలో మామూలు. ఆ నడుమ జాకీ పెట్టి లేపితే రేకు వంగుతుంది, సన్నటి మనిషి దూరతాడు. షట్టర్ ఎత్తి చోరీ అని పేపర్లో వచ్చే వార్తల్లో కప్పల జోలికే పోనివి ఉన్నాయి. మధ్యలో లాక్ పెట్టించాల్సింది గది యజమాని. అద్దె పత్రంలో సరుకు పోతే మాకు సంబంధం లేదని రాసుకోవడం ఆయనకు తెలుసు. మరి తలుపు, గొళ్లెం ఆయనవే కదా! కప్ప కిరాయిదారుడిదే అయినా అది వేలాడే ఇనుము యజమానిది. ఆ ఇనుము మంచిది పెట్టకుండా బాధ్యత దులుపుకునే ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

బీమా ఉందిలే అనుకునేవాళ్లకు ఒక చేదు నిజం చెప్పాలి. చోరీ బీమా పాలసీలు సాధారణంగా బలవంతంగా లోపలికి చొరబడిన దొంగతనానికే డబ్బిస్తాయి. ఆ షరతు ఉన్న పాలసీలో బలప్రయోగం రుజువు కావాల్సిందేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. మారు తాళంచెవితో తెరిచి, సరుకు తీసుకుని, మళ్లీ వేసి వెళ్లిపోతే తలుపు మీద గీత కూడా ఉండదు. అప్పుడు మీ క్లెయిమ్ చిక్కుల్లో పడ్డట్టే. అందుకే పాత కిరాయిదారుడు వదిలి వెళ్లిన కప్పనూ, యజమాని ఇచ్చిన కప్పనూ వాడవద్దు. దాని తాళంచెవులు ఎన్ని చేతులు మారాయో ఎవరు చెప్పగలరు? కొత్తది మీ చేతులతో కొనండి, చెవులు లెక్కపెట్టుకోండి, నంబరు చెక్కిన చెవిని నలుగురి ముందు తిప్పకండి.

బ్యాటరీ గ్రైండర్‌కు లొంగని కప్ప మామూలు షాపుల్లో దొరకదు, నిజమే. కానీ గ్రైండర్ అరుస్తుంది, రవ్వలు చిమ్ముతుంది, నిమిషాలు తింటుంది. బోల్ట్ కట్టర్ చప్పుడు లేకుండా పని కానిస్తుంది. దొంగను చప్పుడు చేయక తప్పని స్థితికి నెట్టడమే కప్ప చేయగల పని, ఆ పని చేయని కప్పకు డబ్బివ్వడం పాపం.

తయారీదారులకు నా మాట ఒకటే: కడ్డీ మందం, ఉక్కు రకం, అది ఏ బలానికి తెగుతుందో పెట్టె మీద అచ్చువేయండి. భారతీయ ప్రమాణాల సంస్థ ఈ మూడు వివరాలు లేని కప్పను షాపులోకి రానివ్వకూడదు. అంతవరకు ఆ పని మనమే చేయాలి. ఈసారి కౌంటర్ దగ్గర లీవర్లెన్ని అని అడగకండి, కడ్డీ ఎంత మందం, దేంతో చేశారు అని అడగండి. చెప్పలేకపోతే కప్ప అక్కడే పెట్టి పక్క షాపుకు వెళ్లండి.